గడప దాటిన లెక్క

ఒక రాజుకి తన రాజ్యానికి వచ్చే బాటసారులంటే ప్రాణం. ఏ సత్రంలో ఎంతమంది దిగుతున్నారో తెలిస్తే, ఎక్కడ బావి తవ్వించాలో, ఏ రేవుకి పడవ నడపాలో తేలుతుందని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. తెలుసుకునే పద్ధతే బాగోలేదు.

నెలకోసారి రాజుగారి గుమాస్తాలు సత్రాల మీద పడేవారు. అదీ సరిగ్గా అన్నం ఉడికే వేళకి! "ఈ నెల ఎంతమంది దిగారు?" అని అడిగేవారు. గొప్పలకి పోయేవాడు పదిమందిని వందమంది చేసేవాడు. పన్నుకి భయపడేవాడు వందమందిని పదిమంది చేసేవాడు. గుమాస్తాలు రెండూ రాసుకుని, పెట్టింది తిని, చక్కా పోయేవారు.

ఏటి అవతల, చివరి రేవులో సత్రం నడిపే నూకాలమ్మ మాత్రం ఏమీ చెప్పేది కాదు.

"ఇంటికొచ్చి అన్నం తిన్నవాళ్లని లెక్కపెడతారటయ్యా? దిష్టి తగలదూ!" అని గరిటె పట్టుకునే బయటికొచ్చేది. గుమాస్తా నిట్టూర్చి సున్న చుట్టేవాడు.

ఏడాది పొడుగునా సున్నలే. చివరికి మంత్రి కబురు పంపాడు: మనుషులు దిగని రేవుకి పడవ దండగ, పున్నమి దాటాక రాదు.

పడవ రాకపోతే ఆ సత్రానికి వచ్చే దారే లేదు. ఆ మాట విన్న రోజు నూకాలమ్మ పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. అయినా విస్తళ్లు లెక్కపెట్టలేదు.

"నా పొయ్యి ఆర్పకండి బాబూ. లెక్క కావాలంటే నన్నడక్కుండా తెలుసుకోండి" అంది. ఉప్పు పులుసు తింటూనే గుమాస్తా ఆ మాట విన్నాడు, ఆ పొయ్యి ఆరిపోవడానికి మనసొప్పక రాజుకి చేరవేశాడు.

రాజుకి ఆ మాట పట్టుకుంది. వెంటనే వడ్రంగిని పిలిపించాడు. వడ్రంగి మహా గడుసు. ప్రతి సత్రానికీ కొత్త గడప చేసిచ్చాడు. దాని మీద పాదం పడితే చాలు, కోటలో ఆ సత్రం పేరున్న చిరుగంట మోగుతుంది. ఎలాగని అడక్కండి, నాకూ చెప్పలేదు. గంట మోగినప్పుడల్లా మంత్రి ఒక చింతగింజ కుండలో వెయ్యాలి. అంతే! అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. గడపలు రాజుగారి కానుకలని అందరూ పసుపు రాసి, బొట్లు పెట్టుకున్నారు.

రోజులు గడిచాయి. గంటలు ఉలకవు, పలకవు. ఒక సత్రం గంట మాత్రం తెగ మోగింది. వెళ్లి చూస్తే గడప మీద గెంతుతూ మేకపిల్ల.

"రాజ్యంలో మనుషులున్నారా, లేరా?" అన్నాడు రాజు.

"చెప్పానుగా ప్రభూ, ఆ పడవ దండగ" అన్నాడు మంత్రి.

వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. పున్నమి రేపోమాపో అనగా తనే బయలుదేరి నూకాలమ్మ రేవుకి వెళ్లాడు. తీరా చూస్తే పడవ నిండా జనం! సత్రం ముందు ఒకరి తర్వాత ఒకరు నీళ్ల చెంబు అందుకుని, కాళ్లు కడుక్కుని, లోపలికి వెళ్లారు. అతనూ కాళ్లు కడుక్కున్నాడు. లోపల పీట మీద కూర్చుని, వెనక్కి చూసి ఉలిక్కిపడ్డాడు. గడపకి అటూ ఇటూ తడి పాదాల గుర్తులే. మధ్యలో పసుపు పసుపులాగే ఉంది.

"అమ్మా, ఇంతమందిలో ఒక్కరూ గడప తొక్కలేదేం?"

"తొక్కితే ఊరుకుంటానా? లక్ష్మీదేవి ఉండే చోటు! నువ్వుగానీ తొక్కావా ఏంటి?"

"లేదమ్మా! తొక్కడానికని గడప చేసినవాణ్ని, నేనే దాటుకుని వచ్చాను!" అంటూ నెత్తి కొట్టుకుని, వడ్రంగి పగలబడి నవ్వాడు. సంగతేమిటో తెలియకపోయినా నూకాలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు అంటుకుని పంక్తి పంక్తంతా నవ్వింది.

నవ్వు ఆగాక అతని చూపు చెంబు మీద పడింది. వచ్చిన ప్రతివాళ్లూ వచ్చీరాగానే ఎత్తేది దాన్నేగా!

"ఈ చెంబు అడుగున చిన్న బిళ్ల అతికిస్తానమ్మా. చెంబు ఎత్తినప్పుడల్లా కోటలో గంట మోగుతుంది, నువ్వేం లెక్కపెట్టక్కర్లేదు. వచ్చినవాళ్లకి నీళ్లివ్వు, చాలు."

"విస్తళ్ల జోలికి రాదుగా?"

"కాళ్ల దగ్గరే ఆగిపోతుంది."

"అయితే అతికించుకో నాయనా. నీళ్లు ఎలాగూ ఇస్తాను."

మర్నాడు కోటలో నూకాలమ్మ సత్రం గంట మోగడం మొదలెట్టింది. మంత్రి ఒక గింజ వేశాడు. ఇంకొకటి వేశాడు. కాసేపటికి చెయ్యి నొప్పెట్టి, ఇంకో కుండ తెమ్మని కేకేశాడు. రాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"పడవ ఆపడమా! ఆ రేవుకి రెండో పడవ వెయ్యండి. అన్ని సత్రాల చెంబులకీ బిళ్లలు అతికించండి!"

ఆ శుభవార్త తనే చెప్పాలని రాజుకి ఎంత తొందరంటే, ఎవరికీ చెప్పకుండా మామూలు పంచె కట్టుకుని రేవుకి పోయి, జనంలో కలిసి పడవెక్కేశాడు.

"రా బాబూ, ఎండన పడి వచ్చావు. ముందు కాళ్లు కడుక్కో" అంది నూకాలమ్మ. ఎవరు నువ్వని అడగలేదు. రాజు చెంబు ఎత్తాడు.

కోటలో గంట మోగింది. మంత్రి కుండలో గింజ వేసి, "ప్రభూ, ఇంకొకరు దిగారు!" అంటూ సంబరంగా సింహాసనం వైపు తిరిగాడు.

సింహాసనం ఖాళీగా ఉంది.