మూటలో పుట్టిన ఉంగరం

ఈ విశ్వం శూన్యంలోంచి దానంతటదే పుట్టిందని వాదించి గెలిచిన సోమయాజులు గారికి రాజు నిండు సభలో శాలువా కప్పాడు. అంతలో, వాదం ముగిసేదాకా గుమ్మం దగ్గర నిలబెట్టిన బట్టలుతికే పోలమ్మను భటులు లోపలికి ఈడ్చుకొచ్చారు. సోమయాజులు గారి వజ్రపుటుంగరం ఆమె మూటలో దొరికిందట.

"దొంగముండ! చెయ్యి నరికించండి ప్రభూ!" అని అరిచారు సోమయాజులు గారు.

పోలమ్మ చేతులు జోడించింది. "నేను తియ్యలేదు బాబయ్యా! ఇంత లోకం దానంతటదే పుట్టగా లేనిది, ఒక్క ఉంగరం నా మూటలో పుట్టకూడదా?"



రాజు ఆయన వైపు తిరిగాడు. "చెప్పండి, ఉంగరం దానంతటదే పుట్టిందా? పుట్టదంటే మీ వాదం ఓడినట్టే. శాలువా ఇచ్చెయ్యండి."

సోమయాజులు గారు శాలువా గట్టిగా పట్టుకుని, "పుట్టింది," అని గొణిగారు.

"అయితే మీది కాదుగా బాబయ్యా," అంటూ పోలమ్మ ఉంగరం వేలికి తొడుక్కుంది.