తాడుకు రెండో కొస

బావిలో దిగిన సుంకన్న పైకి వచ్చాడు గానీ, అతని నోట మాట రాలేదు. ఓబన్నకు వచ్చిపడిన చిక్కు అది.

నిన్న మధ్యాహ్నం పైకి వచ్చినవాడు ఇవాళ పొద్దెక్కినా పెదవి విప్పలేదు. మఠం వెనక కొట్టంలో తలుపు దగ్గరగా వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సంగటి పెడితే ఎడమచేత్తో తిన్నాడు. చెంబుతో బావి నీళ్లు ఇస్తే ముట్టలేదు. తెల్లవారగానే లేచి, గుట్ట దిగి, ఎండిన వంక ఇసుకలో చెలమ తోడుకుని ఆ నీళ్లు తాగి వచ్చాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించే ఉంది. అందులో బావి అడుగున తీసిన మన్ను ఉంది.

ఓబన్న ఆ మఠంలో పెద్ద శిష్యుడు. గురువు ఈరప్ప సామికి ఎనభై దాటాయి. ఆయన తర్వాత మఠం తాళంచెవులు ఓబన్న మొలకే చేరతాయని అందరికీ తెలుసు. ఓబన్నకు అందరికంటే బాగా తెలుసు. అందుకే, పొరుగూరికి వెళ్లిన సామి తిరిగి వచ్చేలోగా ఈ వ్యవహారం చక్కబెట్టాలనుకున్నాడు. సుంకన్నను బుజ్జగించాడు, కసిరాడు, మళ్లీ బుజ్జగించాడు. సుంకన్న అతని వంక చూశాడే తప్ప పలకలేదు.

మఠం ఉన్నది ఒక రాతిగుట్ట మీద. ఆ పక్క ఎండాకాలం వస్తే కాకులు కూడా నీళ్లకు వేరే ఊళ్లు వెతుక్కుంటాయి. గుట్ట మీద ఉన్నదల్లా ఒకే బావి, బండను తొలిచి తవ్వింది. లోపలికి దిగడానికి మెట్లు లేవు. పాదం పట్టేంత గూళ్లు మాత్రం గోడకు చెక్కి ఉన్నాయి.

మఠం కట్టిన మొదటి గురువు ఒక ఆచారం పెట్టాడు. ఇక్కడే ఉండిపోదామని వచ్చినవాడు, ఎండల్లో నీళ్లు మోకాటి లోతుకు తగ్గాక, నడుముకు తాడు కట్టుకుని ఒక్కసారి బావిలో దిగాలి. అడుగు నుంచి పిడికెడు మన్ను తెచ్చి గురువు అరచేతిలో పెట్టాలి. గురువు అందులో కొంచెం తీసి అతని నొసట బొట్టు పెడతాడు. అప్పటి నుంచి అతను మఠం మనిషి. తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒకసారి కళ్లారా చూసి రమ్మని కాబోలు. అందులో అంతకుమించి ఏమీ లేదు.

అంతకుమించి ఏమీ లేకపోతే మనుషులకు తోచదు. సామికి మోకాళ్లు మొండికేసి బావి దాకా రావడం మానుకున్నాక, ఆ పని పెద్ద శిష్యుల చేతికి వచ్చింది. లోపలివాడు పిలిస్తే పలకకూడదని అప్పటివాళ్లు అన్నారు. వాడు అడుగు చేరాక తాడు పైకి లాగేయాలని తర్వాతివాళ్లు అన్నారు. బావి మీద కంపతడిక కప్పి చీకటి చేయాలని ఆ తర్వాతివాళ్లకు తోచింది. ఇదంతా మొదటి గురువు పెట్టిందేనని కొత్తవాళ్లకు చెప్పేవారు. చెప్పి చెప్పి కొన్నాళ్లకు తామే నమ్మేశారు.

అత్తా ఒకింటి కోడలే అంటారు. నిజమే గానీ, ఆ సంగతి అత్తకు గుర్తొచ్చేది కోడలిని ఏడిపించేటప్పుడే. ఓబన్నా ఒకప్పుడు ఆ తడిక కింద చీకట్లో కూర్చుని వచ్చినవాడే. ఆ రోజు గురించి అతను చాలా గర్వంగా చెప్పుకునేవాడు. ఎంతసేపు ఉన్నదీ, ఎంత చీకటిగా ఉన్నదీ చెప్పేవాడు. లోపల ఏం చేసిందీ మాత్రం చెప్పేవాడు కాదు.

సుంకన్న గొర్రెలు కాసుకునే మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. తల్లి పోయాక ఊళ్లో ఉండబుద్ధి కాక, మూట కట్టుకుని గుట్టెక్కి వచ్చాడు. చదువు లేదు గానీ మంచి గొంతు ఉంది. సాయంత్రం తంబుర పట్టుకుని తత్వం అందుకుంటే ఈరప్ప సామి కళ్లు మూసుకుని, పాట అయ్యాక కూడా కాసేపు తెరిచేవాడు కాదు. ఓబన్నకు అది కొంచెం గుచ్చుకునేది. తను ఇన్నేళ్లు చేసిన సేవకు సామి ఎన్నడూ అలా కళ్లు మూసుకోలేదు.

నిన్న ఆచారమంతా తు.చ. తప్పకుండా జరిగింది. తాడు ఒక కొస సుంకన్న నడుముకు, రెండో కొస బావి పక్కనున్న రాతిగుంజకు కట్టారు. అడుగు చేరాక, తాడు విప్పి మన్ను తియ్యమని ఓబన్న పైనుంచి చెప్పాడు. విప్పగానే తాడు పైకి లాగేశారు. తడిక కప్పారు. ఓబన్న, తోటి శిష్యుడు గుండప్ప, ఇంకో ఇద్దరూ గోడనీడన కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ మాటల్లో పడ్డారు.

సుంకన్న మొదట ఓబన్నా అని పేరు పెట్టి పిలిచాడు. తర్వాత ఉత్త అన్నా అని పిలిచాడు. ఆ తర్వాత ధైర్యానికి కాబోలు ఒక తత్వం ఎత్తుకున్నాడు. పైనున్నవాళ్లు నవ్వుకున్నారు. పాట సగంలో తెగిపోయింది. అప్పుడు అమ్మా అని పిలిచాడు, చాలాసార్లు. ఆపైన ఏ సద్దూ లేదు.

సద్దు ఆగిన సంగతి ఓబన్నకు తెలిసింది. గుండప్ప లేచి తడిక తీయబోతే, ఇంకాసేపు చూద్దామన్నాడు. ఆ కాసేపు చాలాసేపే అయింది. ఆ తర్వాతే తడిక తీసి, తాడు వేసి సుంకన్నను పైకి లాగారు.

ఇవాళ పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు సామి ఎద్దులబండి దిగాడు. వేరేవాళ్లు చెప్పేలోగా తనే చెప్పడం మంచిదని ఓబన్న ఎదురువెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు. తడిక సంగతి కూడా, అందులో దాచేదేముందన్నట్టు, చెప్పాడు. సుంకన్నకు గుండె నిలకడ లేదనీ, ఇలాంటివాళ్లు మఠానికి పనికిరారనీ, ఊరికి పంపేస్తే మంచిదనీ అన్నాడు.

సామి అంతా విన్నాడు.

"పిలిచినాడా?"

"పిలిచినాడు సామీ."

"మీరేమన్నారు?"

"పలకగూడదు గదా సామీ, ఆచారం. నాకూ అట్లే చేసినారు. నేను గట్టిపడలేదా?"

సామి అతని మొహంలోకి చూశాడు.

"గట్టిపడినావు," అన్నాడు.

ఆ మాట మెప్పో కాదో ఓబన్నకు అంతుపట్టలేదు. సామి కర్ర తాటించుకుంటూ కొట్టానికి వెళ్లాడు. సుంకన్న ముందు కూలబడి, అరచెయ్యి చాపాడు. సుంకన్న ఆ చేతిని చూశాడు. అతని పిడికిలి విచ్చుకోలేదు. సామి బలవంతపెట్టలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని లేచాడు.

"నన్ను బావికాడికి పట్టుకపో," అన్నాడు ఓబన్నతో.

అంత దూరం ఆయన నడిచి చాలా ఏళ్లయింది. దారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. బావి దగ్గరికి వచ్చాక, పిడికెడు మన్ను తెచ్చిపెట్టమని ఓబన్నకు చెప్పాడు.

ఓబన్న లోలోపల సంతోషించాడు. గట్టివాడు ఎలా దిగుతాడో మిగతావాళ్లకు చూపించాలని సామి అనుకుంటున్నాడనుకున్నాడు. పంచె ఎగగట్టి, తాడు ఒక కొస నడుముకు బిగించాడు. రెండో కొస గుంజకు కట్టబోయాడు.

"అది ఇట్లియ్యి."

సామి ఆ కొస తీసుకుని తన నడుముకు రెండు చుట్లు చుట్టి ముడి వేసుకున్నాడు. బావి గట్టు మీద కూర్చుని, గట్టురాయికి మడమలు తన్నిపెట్టాడు. ఆయన ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. గుండప్ప తాడు పట్టుకోబోతే, పక్కకు పొమ్మని చేత్తో సైగ చేశాడు.

ఓబన్న తన నడుము ముడి విప్పబోయాడు.

"వద్దు సామీ. నా బరువు మీరు ఆపలేరు. కాలు జారితే ఇద్దరం పోతాం."

"ఆ సంగతి నీకు తెలుసు గదా," అన్నాడు సామి. "ఇంక దిగు."

దిగక తప్పలేదు. ఆ బావిలో ఓబన్న పూడిక తీయడానికి ఏటా దిగుతాడు. కళ్లు మూసుకుని దిగగలనని పందెం కాసిన రోజులున్నాయి. ఇవాళ మాత్రం ఒక్కో గూడూ కాలివేళ్లతో తడిమి, రాయి పట్టు చూసుకుని, ఆ తర్వాతే బరువు మోపాడు. తాడు మీద పూచికపుల్లంత బరువు కూడా పడనివ్వలేదు. తల ఎత్తి చూస్తే వెలుతురులో సామి వంగిన వీపు కనిపించింది.

సగం దిగాక ఒక గూటిలో పాచి ఉంది. కాలు జారింది.

తాడు బిగిసింది. పైన ఏదో రాసుకున్న చప్పుడైంది. రెండు గులకరాళ్లు ఓబన్న భుజం మీదుగా నీళ్లలో పడ్డాయి. అతను గోళ్లు విరిగేలా గోడను కరుచుకుని నిలదొక్కుకున్నాడు.

"సామీ," అని అరిచాడు.

"ఉండా."

గొంతు ఎప్పటిలాగే ఉంది. తొందర లేదు. ఓబన్న నుదురు రాతికి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

అడుగు చేరాడు. నీళ్లు చల్లగా మోకాళ్లకు తగిలాయి. వంగి మన్ను తీశాడు. ఇక పిలవాల్సిన అవసరం ఏమీ లేదు. అయినా పిలిచాడు.

"సామీ."

"ఉండా."

ఇంకోసారి, పైకి వినబడనంత మెల్లగా, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"సామీ."

"ఉండా నాయనా, ఉండా."

ఆ బావిలో ఎంత చిన్న మాటైనా పైకి చేరుతుంది. నిన్న పైన కూర్చున్నవాడు కాబట్టి ఓబన్నకు ఆ సంగతి తెలుసు.

అప్పుడు అతనికి ఏడుపు వచ్చింది. పంటి బిగువున ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. ఇదే నీళ్లలో తను నిలబడిన రోజు గుర్తొచ్చింది. తనూ పిలిచాడు. ఎవరెవరిని పిలిచాడో, పిలిచి పిలిచి చివరికి ఏమైపోయాడో, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిదంతా గుర్తొచ్చింది. ఇక్కడి నుంచి తను ధైర్యం తెచ్చుకున్నాననే ఇంతకాలం అనుకున్నాడు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి, చంటిపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పైనున్న మనిషి తొందర పెట్టలేదు.

పైకి వచ్చేసరికి సామి అలాగే కూర్చుని ఉన్నాడు. గట్టురాయి అంచుకు కొట్టుకుని ఆయన మడమ చిట్లింది. నడుము చుట్టూ తాడు కోసుకుని ఎర్రగా చార తేలింది, ఒకచోట నెత్తురు చెమర్చింది. ఓబన్న మన్ను ఉన్న చెయ్యి చాపడం మరిచిపోయి ఆ చారనే చూస్తూ నిలబడ్డాడు.

సామి ముడి విప్పుకున్నాడు.

"నా గురువు నాకు ఇట్లే కట్టినాడు," అన్నాడు. "మోకాళ్లని సాకు చెప్పి, నేను మీకు కట్టలేదు."

విప్పిన కొసను ఓబన్న చేతిలో పెట్టాడు.

ఇకమీద బావిలో దింపే ఆచారం మానేద్దామా అని గుండప్ప మెల్లగా అడిగాడు. సామి లేచి, పక్కనున్న రాతిగుంజను కర్రతో తట్టాడు.

"గుంజకు ఎవరు దిగినా ఒకటే నాయనా. కొస నడుముకు కట్టుకునేటోడుంటే దించండి. లేకుంటే వద్దు."

గుండప్ప భుజం పట్టుకుని ఆయన మఠంలోకి వెళ్లిపోయాడు.

ఓబన్న కొట్టం దగ్గరికి వెళ్లాడు. తలుపు నెట్టలేదు. తలుపుకు వీపు ఆనించి బయటే నేల మీద కూర్చున్నాడు. తప్పయిందని చెబుదామనుకున్నాడు. ఎన్ని విధాల చెప్పి చూసుకున్నా ఆ మాటలు తన బాధ దించుకోవడానికే పనికొచ్చేట్టున్నాయి గానీ, లోపలివాడికి పనికొచ్చేట్టు లేవు. అందుకని ఊరుకున్నాడు. ఉంటావా, ఊరికి పోతావా అని కూడా అడగలేదు. భోజనానికి పిలిచినా లేవలేదు. ఎండ మెల్లగా కాళ్ల మీది నుంచి జరిగి గోడెక్కింది. మేతకు పోయిన ఆవులు తిరిగి వచ్చాయి.

దీపాలు పెట్టేవేళ లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది.

"ఓబన్నా."

గొంతు బొంగురుపోయి ఉంది. ఆ గొంతుతోనా ఇతను పాడేది అనిపించేలా ఉంది.

"ఉండా," అన్నాడు ఓబన్న.

చాలాసేపు ఏమీ లేదు.

"అన్నా."

"ఉండా."

చీకటి పడుతోంది. ఆ తర్వాత వచ్చే పిలుపు ఏమిటో ఓబన్నకు తెలుసు. నిన్న గోడనీడన కూర్చుని విన్నదే. తలుపుకు ఆనించిన వీపు తీయకుండా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దానికోసం కాచుకున్నాడు.

"అమ్మా," అన్నాడు సుంకన్న.

ఓబన్న పలికాడు.

"ఉండా."

లోపల నేల మీద ఎండిన మన్ను రాలిన సద్దు వినబడింది.