మూడుసార్లు కడిగిన కంబళి

వన్నూరప్పకు ఉన్న దిగులు ఒక్కటే. పదకొండేళ్లుగా ఖాసీం తాత దగ్గర ఉన్నాడు, తాత ఇంకా పొమ్మనలేదు.

వేరే చోట్ల శిష్యులు గురువు ఎక్కడ పొమ్మంటాడో అని భయపడతారు. ఖాసీం తాత ఉండే కరిగుట్ట కింద మాత్రం పొమ్మంటే పండగ. ఇక ఆ శిష్యుడు ఇంకో ఊరికి పోయి, అడగొచ్చిన వాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పుకుంటూ కూర్చోవచ్చన్నమాట.

ఖాసీం తాత దూదేకులాయన. ఆయన తాతల కాలంలో ఆ ఇంట్లో దూది ఏకేవాళ్లు. ఈయన కాలానికి దూది పోయి గొర్రెలు మిగిలాయి. భార్య మాబున్నమ్మ, అరవై నల్ల గొర్రెలు, ఒక రేకుల కొట్టం, ఒక గుంత మగ్గం, అంతే సంసారం. ఎవరైనా వచ్చి దేవుడి గురించి అడిగితే తాత ముందు చేతికి తకిలి ఇచ్చేవాడు. "వడుకుతా ఉండప్పా, మాట అదే వస్తుంది" అనేవాడు. సగం మంది దారం తెగే సందట్లో అడగాల్సింది మర్చిపోయి, ఎందుకో మనసు తేలికపడి, ఇంటికి పోయేవాళ్లు.

ఆ కొట్టానికి ఒక పద్ధతి ఉంది. పోవాలనుకున్న శిష్యుడు తన చేత్తో ఒక కంబళి చెయ్యాలి. గొర్రె వీపు మీద బొచ్చు కత్తిరించడం దగ్గర్నుంచి మగ్గం మీద ఆఖరి పోగు దాకా ఇంకొకరి చెయ్యి పడకూడదు. పొద్దు పుట్టగానే దాన్ని తాత భుజాన కప్పాలి. పొద్దు గుంకే దాకా తాత దాన్ని తియ్యకపోతే పొమ్మన్నట్టు. మధ్యలో తీసి పక్కన పెట్టాడా, ఇంకో ఏడాది గొర్రెల వెంట తిరగాల్సిందే. ఎందుకు తీశావని అడగకూడదు. చెప్పే అలవాటు తాతకు లేదు.

వన్నూరప్ప తకిలి పట్టింది పొద్దుపోక. గొర్రెలు మేస్తుంటే మనిషి ఏం చేస్తాడు? రాయి మీద కూర్చుని వడికాడు. వడకగా వడకగా చెయ్యి తిరిగింది. చెయ్యి తిరిగాక పిచ్చి పట్టింది. ఆయన దారం చూసి సంతలో ఆడవాళ్లు "ఇది బొచ్చా, పట్టా?" అని వేళ్ల మధ్య నలిపి చూసేవాళ్లు. ఆ మాట విన్నరోజు వన్నూరప్ప అన్నం కూడా నెమ్మదిగా తినేవాడు, ఆ మాటే నంజుకుంటున్నట్టు.

ఈసారి కంబళి కోసం ఆయన పడ్డ పాటు ఇంతా అంతా కాదు. గొర్రెపిల్లల తొలికత్తెర బొచ్చు మాత్రమే తీసుకున్నాడు. కుంకుడు రసంలో ఒకసారి కాదు, మూడుసార్లు కడిగాడు. జిడ్డు మొత్తం వదిలి, బొచ్చు వేళ్ల మధ్య నిలవకుండా జారింది. అప్పుడు ఏరడానికి కూర్చున్నాడు. పల్లేరుకాయ ముక్క కనబడితే తీసేశాడు, సరే. గరుకు వెంట్రుక కనబడితే తీసేశాడు. కాస్త లావుగా ఉంది, తీసేశాడు. కాస్త నిక్కినట్టుంది, అదీ తీసేశాడు. చలికాలమంతా ఏరుతూనే ఉన్నాడు.

పక్కన మౌలాలి ఉండేవాడు. బస్సు కండక్టరుగా పనిచేసి మానుకుని వచ్చినవాడు, నోరు ఊరుకోదు. రెండు సైకిలు పుల్లలు అరగదీసి వాటితో టోపీలు అల్లేవాడు. ఆ టోపీ ఏ తలకూ సరిపడేది కాదు. ఒకటి బుర్రకు అంటుకుపోతే ఇంకోటి గడ్డం దాకా దిగేది.

"ఏమప్పా వన్నూరూ, పారేస్తాండావే, ఆ గరుకంతా నాకియ్యి" అన్నాడు మౌలాలి.

"తీసుకో. నీకూ దానికీ సరిపోతాది."

"సరిపోతాది, సరిపోతాది. టికెట్టు లేనోళ్లను దించేస్తాండావు. ఎక్కించుకునేదానికి నేనుండాను."

వన్నూరప్ప ఇంకో వెంట్రుక తీసి పారేశాడు. మౌలాలి గురకా, ఆ కండక్టరు జోకులూ లేకుంటే కొట్టంలో ఇంకొంచెం ధ్యానం కుదురుతుందని తాతతో రెండుసార్లు చెప్పి చూశాడు. తాత రెండుసార్లూ "ఔనా" అన్నాడు. మౌలాలి అక్కడే ఉన్నాడు.

రోహిణి కార్తెకు కంబళి మగ్గం దిగింది. చెప్పొద్దూ, కంబళి అంటే అది. నల్లగా నిగనిగలాడుతూ, పిల్లి కడుపులా మెత్తగా. కబురు ఎలా పోయిందో గాని, ఎర్రబోయినపల్లి పెద్దమనిషి తిప్పేస్వామి ఇద్దరిని వెంటబెట్టుకుని ముందురోజే దిగాడు. వాళ్ల ఊరికి ఒక మంచి మాట చెప్పేవాడు కావాలి. పొద్దు గుంకగానే వన్నూరప్పను ఎక్కించుకుని పోదామని బండి కూడా తెచ్చాడు.

తెల్లారి పొద్దు పొడుస్తుండగా వన్నూరప్ప కంబళి తెచ్చి తాత భుజాన కప్పాడు. తాత అంచు పట్టుకుని వేళ్లతో ఒకసారి నిమిరాడు.

"శానా మెత్తగుండాది" అన్నాడు. అంతే, గొర్రెల మంద విప్పడానికి పోయాడు.

ఆ ఎండలో, ఆ ఉక్కలో కంబళి కప్పుకుని తిరుగుతున్న ముసలాయన్ను చూసి మాబున్నమ్మ నుదురు కొట్టుకుంది. "ఉడికిపోతావయ్యా" అంది. తాత నవ్వాడు. తియ్యలేదు. మధ్యాహ్నమైంది. తియ్యలేదు. వన్నూరప్ప గుండె అప్పటికి కుదుటపడింది.

కొట్టంలో నీడన కూర్చుని ఆయన తిప్పేస్వామితో ఊరి సంగతులు మాట్లాడాడు.

"స్వామీ, ఊర్లో మనుషులు ఎట్లాంటోళ్లో ముందే చెప్తా" అన్నాడు తిప్పేస్వామి. "సుంకన్నని ఒకడుండాడు, పొద్దున్నే తాగుతాడు. ఇంకా బావి నీళ్ల కాడ తన్నుకునే అన్నదమ్ములు ఇద్దరుండారు. ఇంక గంగక్కా, ఆయమ్మ నోరు తెరిస్తే కాకులు లేచిపోతాయి."

"వాళ్లెవ్వరూ నా దగ్గరికి రాకూడదు" అన్నాడు వన్నూరప్ప. "నెమ్మదైన మనుషులు పదిమంది చాలు."

"రానియ్యం స్వామీ. గుమ్మం కాడ మనిషిని పెడతాం."

మూడు జాములు దాటాక గాలి తిరిగింది. గుట్ట వెనక నుంచి మబ్బు ఒక్కసారిగా మీద పడింది. రోహిణి వాన సంగతి తెలిసిందే, చెప్పి రాదు. గొర్రెలు పైన వాలులో ఉన్నాయి. దొరసాని అనే గొర్రె ఆ పూటే ఈనేటట్టుంది. తాత కర్ర తీసుకుని బయల్దేరాడు. మౌలాలి ఆ ఏరేసిన గరుకుతో అల్లిన టోపీ పెట్టుకుని వెనకాలే. వన్నూరప్ప తన పాత కంబళి నెత్తిన వేసుకుని పరుగెత్తాడు.

దొరసాని వానలోనే ఈనింది. తాత గంటసేపు దాని మీదికి వంగి, పిల్ల తడవకుండా తన వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు. పిల్ల లేచి తల్లి పొదుగు వెతుక్కున్నాకే అందరూ కిందికి దిగారు.

కొట్టంలోకి వచ్చాక చూస్తే తాత కింద నీళ్లు మడుగు కట్టాయి. కొత్త కంబళి పైనుంచి కింది దాకా నీళ్లు తాగి, ఉతికిన చీరలా ఒంటికి అతుక్కుంది. లోపలి అంగీ తడిసింది, అంగీ లోపలి మనిషీ తడిశాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. పోయిన చలికాలం ఊపిరాడక నెల రోజులు మంచం దిగలేదు.

వన్నూరప్ప పాత కంబళి దులిపాడు. నీళ్లు చినుకులు చినుకులుగా రాలిపోయాయి. కింద చొక్కా పొడిగానే ఉంది.

"నా తల చూడప్పా, ఎండుకొబ్బరి!" అని మౌలాలి టోపీ తీసి బోడిగుండు చూపించాడు.

మాబున్నమ్మ పొయ్యి ఎగదోసి వచ్చి, తాత భుజం మీది కంబళి కొస పట్టుకుని పిండింది. దోసెడు నీళ్లు కారాయి.

"జిడ్డంతా కడిగేస్తివి, గరుకంతా ఏరేస్తివి" అంది వన్నూరప్పతో. "వాననీళ్లను ఆపేదే అవి రెండూ కదప్పా. ఇంక ఇది కంబళి యాడయితాది? పెండ్లికొడుకు ఉత్తరీయం."

అని మొగుడి వైపు తిరిగింది. "తియ్యయ్యా దాన్ని. ఏందీ మొండితనం?"

తాత దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"ఆ పిల్లోడి పదకొండేండ్లు మాబున్నీ ఇవి" అన్నాడు. "ఇంకెంత, బారెడు పొద్దుంది."

ఆ పిల్లోడికి యాభై రెండేళ్లు. వన్నూరప్ప వాకిట్లోకి చూశాడు. వాన వెలిసింది. మబ్బు అంచు కింద, గుట్టకు పడమటి పక్క, పొద్దు నిజంగా బారెడే ఉంది. తిప్పేస్వామి బండి దగ్గర ఎద్దుల వీపు తుడుస్తున్నాడు.

"తాతా" అన్నాడు వన్నూరప్ప. "ఇది వానకు ఆగదని నీకు ముందే తెల్సునా?"

"పట్టుకుంటానే తెల్సింది."

"మరెందుకు కప్పుకుంటివి?"

"నువ్విస్తివి కదప్పా."

వన్నూరప్ప ఇంకొకసారి పడమటి పక్కకు చూశాడు. తాత మళ్లీ దగ్గుతున్నాడు. పొయ్యి ముందు కూర్చున్నా వణుకు తగ్గలేదు. తడిసిన కంబళి ఆయన ఒంట్లో వేడి ఇంత ఇంత లాగేస్తోంది.

వన్నూరప్ప లేచి వెళ్లి తన చేత్తోనే ఆ కంబళి లాగేశాడు. బరువుగా ఉంది, రెండు చేతులూ కావలసి వచ్చాయి. తాత అంగీ విప్పి, ఒళ్లు తుడిచి, తన పాత కంబళి గొంతు దాకా కప్పాడు. కొత్తదాన్ని పిండను కూడా పిండకుండా మూలన పడేశాడు.

"తిప్పేసామీ" అని వాకిట్లోకి పిలిచాడు. "నా కోసం ఆగొద్దు. ఇంకో ఏడాది గొర్రెలు కాసుకుంటా."

తిప్పేస్వామి ముఖం పడిపోయింది. వచ్చిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు కాడి ఎత్తడానికి పోయాడు.

పాత కంబళి లోంచి తాత గొంతు వచ్చింది.

"ఎందుకంట ఏడాది? నేను తీసినానా?"

మౌలాలికి ముందు అర్థమైంది. "ఔ! తాత తీస్తేనే కదా లెక్క. ఈయన తీస్తే కాదు. కాదు కదా తాతా?" అని అరిచాడు.

తాత కళ్లు మూసుకుని పొయ్యి సెగకు చేతులు చాపాడు. వణుకు తగ్గుతోంది.

తిప్పేస్వామి సంతోషం పట్టలేక వచ్చి వన్నూరప్ప చేతులు పట్టుకున్నాడు. "పదండి స్వామీ. మీరు చెప్పినట్టే చేస్తాం. పొద్దున్నే గుమ్మం కాడ మనిషిని పెడతాం. ఆ తాగుబోతునీ, ఆ గంగక్కనీ, ఆ అన్నదమ్ములనీ ఎవ్వరినీ రానియ్యం."

వన్నూరప్ప మెల్లగా విడిపించుకున్నాడు. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. వాటిని చాలాసేపు పంచెకు తుడుచుకున్నాడు.

"ఆ అన్నదమ్ముల పేర్లేమి?" అని అడిగాడు.

"వాళ్లవా? పెద్దోడు ఓబులేసు, చిన్నోడు నాగలింగ. ఎందుకు స్వామీ?"

"ఓబులేసు, నాగలింగ" అన్నాడు వన్నూరప్ప. మర్చిపోకుండా ఇంకోసారి అనుకుని, బండి ఎక్కాడు.