కడిగేసిన మబ్బు

పైడితల్లి కడిగిన అద్దంలో మొహం చూసుకుంటే, వచ్చే ఏడాది పడబోయే ముడతలు కూడా కనిపించేవి.

విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కెమికల్ ఇంజనీరింగ్ ల్యాబులో ఈ మాట కాదనే మొనగాడు పుట్టలేదు. ఆమె బిగించిన బోల్టు విప్పాలంటే హార్బరు నుంచి క్రేను రావలసిందే. సిలిండరుకి చెవి ఆనించి, లోపల గ్యాసు ఎంతుందో గ్రాముల్లో చెప్పేసేది. తూకం తేడా వస్తే తప్పు తక్కెడదే.

అంతటి పైడితల్లి ఆ శనివారం పొద్దున్న ప్రొఫెసర్ రహంతుల్లా గారి గది ముందు చెప్పులు విడిచి, లోపలికి వెళ్లలేక, వెనక్కి రాలేక నిలబడిపోయింది.

ఆమె బాధంతా ఒక సెల్‌తో. సెల్ అంటే ఫోను కాదు. పిడికిలంత ఖాళీ ఉన్న ఉక్కు పాత్ర. రెండు వైపులా లోపలికి చూడ్డానికి వజ్రంతో పోటీపడే అద్దాలు. సొంత చేతులతో తయారు చేసుకుంది. సోడాలో బుస్సుమనే కార్బన్ డయాక్సైడ్‌నే ఏనుగుల మంద తొక్కినంత ఒత్తిడితో అందులో నింపాలి. అప్పుడది అడుగున ద్రవం, పైన ఆవిరి అయి, మధ్యలో సన్నని గీత గీసుకుంటుంది. వేడి చేస్తూ పోతే ముప్ఫై ఒకటో డిగ్రీ దగ్గర ఆ గీత మాయమైపోతుంది. మిగిలేది ద్రవమా, ఆవిరా అంటే దేవుడు కూడా తేల్చలేడు. సూపర్ క్రిటికల్ అంటారు దాన్ని. దాంతో అల్లంలోంచి నూనె పిండాలన్నది పైడితల్లి పరిశోధన.

అయితే కమిటీ వాళ్లు ఒక మెలిక పెట్టారు. "ముందు ఆ ముప్ఫై ఒకటి మీ సెల్‌లో చూపించండి. అల్లం సంగతి తర్వాత. చూపించలేకపోతే సోమవారంతో ఈ పరిశోధన ఆపేద్దాం."

లోకమంతటికీ కనిపించిన ఆ వింత ఆమెకి ఒక్కసారీ కనిపించలేదు. ముప్ఫై దాటేసరికి లోపలంతా తెల్లగా మసక కమ్మేది. ల్యాబు గోడ మీద ఏ కాలపు సీనియర్లో ఎర్ర రంగుతో రాసిపోయిన సూత్రం ఒకటుంది: మసక పడితే ఆపు, విప్పు, కడుగు. వాళ్ల రోజుల్లో పంపులోంచి నూనె కారి సెల్‌లో చేరేదట. పైడితల్లి కూడా ఆపేది, విప్పేది, కడిగేది. నూనె చుక్క ఏనాడూ కనబడలేదు. అయినా కడిగేది. మర్నాడు మళ్లీ మసక.

పక్క బల్ల దాలినాయుడికి ఇదొక వేడుక.

"ఏటి పైడీ, ఇయ్యాల కూడా అభిషేకమేనా? మాకు తీర్థమెప్పుడిస్తావు?"

"నోర్మూసుకో నాయుడూ. లేకపోతే నిన్ను కూడా కడిగేస్తాను."

ఆ రోషం కూడా ఆ శనివారానికి అయిపోయింది.

"ఏమ్మా, నా గుమ్మం కూడా కడుగుతావా? లోపలికి రా," అన్నారు రహంతుల్లా గారు.

ఆయన పొదుపరి. డబ్బులో కాదు, మాటలో. ఏడాది పొడుగునా ఆయన మాట్లాడిన మాటలన్నీ ఒక ఇడ్లీ పొట్లం కాగితం మీద రాసెయ్యొచ్చు, ఇంకా చట్నీకి చోటు మిగులుతుంది.

"నన్ను వదిలేయండి సార్. ఆ సెల్ నాకు లొంగదు. ఇంకెవరికైనా ఇచ్చేయండి."

"బాగా కడుగుతున్నావా?"

"నాలా కడిగేవాళ్లు ఈ దేశంలో లేరు సార్."

"అది నిజమే," అన్నారాయన, లేచి.

తిన్నగా ల్యాబులోకి నడిచారు. ఆమె వెనకే పరిగెత్తింది. సెల్ నింపి సిద్ధంగా ఉంది, గీత సరిగ్గా నడిమికి వచ్చేలా. ఆయన హీటరు ఆపేశారు. ఏసీ ఆపేశారు. ఏసీ పెట్టిన నాటి నుంచి తీయని కిటికీలు ఒక్కొక్కటే తోశారు. తుప్పు రాలింది. ఆ చప్పుడికి కైలాసగిరి మీద పావురాలు లేచి సింహాచలంలో వాలాయంటారు. ఏప్రిల్ ఎండ, ఉప్పుగాలి, రెండూ కలిసి లోపలికొచ్చాయి.

"సార్, హీటరు లేకుండా ఎలా వేడెక్కుతుంది?"

"విశాఖపట్నంలో, ఏప్రిల్ నెలలో అడుగుతున్నావా ఈ మాట?"

తర్వాత చెయ్యి చాచారు. "ఆ స్పానర్ ఇలా తే."

ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని, మూల కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నారు. కాసేపట్లో గురక మొదలైంది. మామూలు గురక కాదు. హార్బరులో ఓడ కూసిందనుకుని కూలీలు తట్టలు ఎత్తుకున్నారట.

పైడితల్లి రక్షణ పలక వెనక కూర్చుంది. చేతికి పని లేదు. స్పానర్ లేని తన చేతులు ఎవరివో అనిపించాయి. ఉక్కు నెమ్మదిగా, నీరెండకి ఒళ్లు కాచుకునే ముసలివాడిలా వేడెక్కుతోంది. భోజనాల వేళ దాటింది. థర్మామీటరులో ఇరవై ఎనిమిది. చాలాసేపటికి ఇరవై తొమ్మిది. ముప్ఫై. ముప్ఫై దాటి ఇంకొంచెం.

"సార్! మసక!"

గురక ఆగింది. కళ్లు తెరవలేదు. "ఏ రంగు?"

"తెలుపు సార్. విప్పెయ్యనా?"

"ఏ రంగు?"

అప్పుడు చూసింది పైడితల్లి. ఇన్నాళ్లూ మసక పడగానే స్పానర్ కోసం అటు తిరిగేది. దాని మొహం ఎన్నడూ చూడలేదు.

"పక్క నుంచి చూస్తే పాలలా ఉంది సార్. ఎదురుగా చూస్తే వెనకున్న బల్బు ఎర్రగా... కెంపులా ఉంది. అద్దం మీద కాదు సార్ ఇది, లోపల. కదులుతోంది. గీత పల్చబడుతోంది సార్... గీత..."

గీత లేదు.

తెగలేదు, మునగలేదు, ఆవిరైపోలేదు. రెప్ప వెయ్యని ఆమె కళ్ల ముందే లేకుండా పోయింది. ఇంకాసేపటికి మబ్బు విడిపోయింది. సెల్ నిండా ఒకటే, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తేటగా. థర్మామీటరు ముప్ఫై ఒకటి దగ్గర నిలబడి ఉంది.

ద్రవమూ ఆవిరీ ఒకటయ్యే ముందు ఆ మబ్బు పట్టాలి. పుస్తకంలో దానికి పేరుంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది పైడితల్లి. తెచ్చుకుని, ఇన్నాళ్లూ దాన్నే కడిగేసింది.

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నవ్వింది కూడా. రహంతుల్లా గారు స్పానర్ బల్ల మీద పెట్టి టీకి వెళ్లారు.

సోమవారం కమిటీ దిగింది. పైడితల్లి హీటరు జోలికి పోలేదు. కిటికీలు బార్లా తెరిచి, పెద్దమనుషుల్ని ఎండగాలిలో కూర్చోబెట్టింది. కమిటీ పెద్దాయనకి పట్టిన చెమటతో వుడా పార్కులో గడ్డి తడిపెయ్యొచ్చు. కాగా కాగా, లోపల మబ్బు కమ్మింది.

"అయ్యో, మసక పడిందమ్మా. ఇంక ఆపెయ్యండి," అని పెద్దాయన లేవబోయాడు.

దాలినాయుడు అలవాటు కొద్దీ బకెట్ పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"బకెట్ బయట పెట్టు నాయుడూ," అంది పైడితల్లి. పెద్దాయన కుర్చీని సెల్‌కి ఎదురుగా జరిపింది. "కూర్చోండి సార్. అది ఏ రంగులో ఉందో చెప్పండి."

ఆయన ఏదో అనబోయి, చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. గీత పోయి, మబ్బు విడి, థర్మామీటరు ముప్ఫై ఒకటి చూపించాక కూడా ఆయన నోరు మూతపడలేదు. ఒక కాకి అందులో గూడు కట్టుకునేదే, దాలినాయుడు తోలాడు కాబట్టి సరిపోయింది.

"అల్లం తెప్పించుకోమ్మా," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

పొద్దు వాలింది. ల్యాబులో గురువూ శిష్యురాలూ మిగిలారు. సముద్రం మీంచి చల్లగాలి మళ్లింది.

పైడితల్లి ఆయన ముందు చేతులు జోడించి నిలబడింది. రెండు రోజులుగా లోపల కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారి పైకొచ్చాయి.

"మీరు లేకపోతే నేను ఇంటికెళ్లిపోయేదాన్ని సార్. మా అమ్మానాన్నలు జన్మనిచ్చారు, మీరు..."

"ఇటు కాదమ్మా, అటు చూడు," అన్నారు రహంతుల్లా గారు.

చల్లబడుతున్న సెల్‌లో మళ్లీ మబ్బు పట్టింది. పైనుంచి సన్నని తుంపర, కింది నుంచి బుడగలు. వాటి నడుమ ఎక్కడి నుంచో ఒక గీత పుడుతోంది.

"వాన మొదలైంది," అంది పైడితల్లి.

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.