చెయ్యెత్తకముందే వచ్చిన నవ్వు

నేను రాసిన హాస్యం వింటే శవం కూడా లేచి చప్పట్లు కొడుతుంది. కానీ వినే నాథుడు ఉండాలిగా! కృష్ణానగర్ అద్దెగదిలో నేను రాసిన స్కిట్లతో పందిరి వేస్తే చార్మినార్ దాకా నీడన నడిచిపోవచ్చు. టీవీ చానల్ గేటు దగ్గర మాత్రం ఒకటే మాట: "ఇంతకు ముందు ఎక్కడైనా రాశావా? కొత్తవాళ్లను తీసుకోం."

చివరికి అక్కడ స్క్రిప్టులు చూసే విద్యాసాగర్ తలుపు సందిచ్చాడు. "నువ్వు రాయి. పేరు నాది పడుతుంది. ఇష్టమైతే రేపు షూటింగుకొచ్చి మాట చెప్పు."

ఒప్పుకుందామనే అనుకుని, మా గురువుగారికి ఫోన్ చేశాను. వినుకొండ నాగూర్ సాహెబు. బుర్రకథ చెబుతూ ఆయన ఒక్క చమత్కారం విసిరితే పల్నాడులో పొట్ట పట్టుకోని మనిషి ఉండేవాడు కాదు. సరే అనలేదు, వద్దనలేదు. తెల్లారేసరికి బస్సు దిగాడు.

"పద కొండలూ, నేనూ వస్తా."

షూటింగుకి ప్రేక్షకులను కూలికి తెస్తారు. మేమూ వాళ్లలో కూర్చున్నాం. ఫ్లోర్ మేనేజర్ చెయ్యెత్తితే నవ్వాలి, దించితే ఆపాలి. పక్కనున్నావిడ పొద్దుటినుంచీ నవ్వీ నవ్వీ దవడలు నొక్కుకుంటోంది. గురువుగారు ఒక్కసారీ నవ్వలేదు.

"ఏం పెద్దాయనా, నవ్వవా?" కసిరాడు ఫ్లోర్ మేనేజర్.

"వచ్చినప్పుడు నవ్వుతాలే నాయనా."

ఇంతలో లైటొకటి పేలింది. షూటింగు ఆగింది. గురువుగారు నా వీపు మీద చరిచి, "ఎత్తుకో" అన్నాడు.

బుర్రకథలో గురువు కథ చెబితే శిష్యుడు పక్కన నిలబడి వంత పాడాలి. ఏళ్ల తరబడి ఆయనకు నేను పాడాను. ఆ రోజు ఆయన లేచి, నా పక్కన నిలబడి, "తందాన తాన!" అన్నాడు. నాకు!

"ఒకడు చచ్చి యముడి దగ్గరికెళ్లాడు," అన్నాను.

"ఆఁ, వెళితే?"

"చిత్రగుప్తుడు అడిగాడు: ఇంతకు ముందు ఎక్కడైనా చచ్చావా?"

"అయ్యో, ఏమన్నాడు?"

"లేదు సార్, ఇదే మొదటిసారి అన్నాడు."

"అయితే?"

"కొత్తవాళ్లను తీసుకోం. బయటెక్కడైనా నాలుగుసార్లు చచ్చి రా, పో!"

ఆ నవ్వు చూడాలి! షెడ్డు రేకులు లేచిపోయి అమీర్‌పేటలో పడ్డాయి. దవడలావిడ కుర్చీలోంచి జారింది. ఫ్లోర్ మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. "ఎవరయ్యా నవ్వేది? నేనింకా చెయ్యెత్తలేదు!"

దానికి ఇంకా నవ్వారు.

విద్యాసాగర్ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అది నాకిచ్చెయ్. నిన్న చెప్పిందేగా."

"నా పేరు వేస్తే ఇస్తా."

"నీ పేరెవడికి తెలుసురా?"

"ఏడుకొండలు!" అన్నాను. అరవలేదు. మామూలుగానే అన్నాను. ట్యాంక్‌బండ్ దాకా వినపడిందట.

లైటు వెలిగింది. వాళ్ల స్కిట్ మళ్లీ మొదలైంది. ఫ్లోర్ మేనేజర్ చెయ్యెత్తాడు. ఎవరూ నవ్వలేదు. రెండో చెయ్యీ ఎత్తాడు.

దవడలావిడ నా వైపు తిరిగింది. "ఏడుకొండలూ, ఆ చచ్చినోడు తర్వాత ఏం చేశాడయ్యా?"

విద్యాసాగర్ ఇంకా నా మోచెయ్యి వదల్లేదు. నేనే విడిపించుకున్నాను.

గురువుగారు మోకాళ్లు పట్టుకుని లేచి, మళ్లీ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"పేరు పెట్టి పిలుస్తున్నారుగా," అన్నాడు. "ఎత్తుకో."