పైడమ్మ తెచ్చిన పగిలిన పెంకు

వినండర్రా, చెబుతాను. ఏ రాజు ఏలుబడిలోనో మా తాతకీ తెలియదు, వాళ్ల తాతకీ తెలియదు. అంత పాతకాలంలో ఒక ఏటి ఒడ్డున పెంకుల బట్టీ ఉండేది. యజమాని పేరు సోమలింగం. ముప్పై కుటుంబాలు ఆ బట్టీ మీదే బతికేవి. కాలిన పెంకుల్ని తట్టకెత్తి బయటికి మోసేవాళ్లలో పైడమ్మ ఒకతె.

అక్కడొక కట్టడి ఉండేది. ఎవరి తట్టలో పగిలిన పెంకు కనబడితే వాళ్లకి ఆ పూట పని లేదు. అందుకని పగిలింది చేతికొస్తే చాలు, అందరూ చాటుగా ఏట్లో పడేసేవారు.

సోమలింగానికి అంతా అయోమయం. లోపలికి వెళ్లిన పెంకుల్లో సగం బయటికి రావడం లేదు. దొంగలేమోనని కాపలా పెట్టాడు. తేడా రాలేదు. గాలో ధూళో అని శాంతి చేయించాడు. తేడా రాలేదు. మేస్త్రీని మార్చాడు. తేడా రాలేదు. విసిగిపోయి, "వానలొచ్చేలోగా బట్టీ ఆర్పేస్తాను" అనేశాడు.

మర్నాడు పైడమ్మకి పగిలిన పెంకు దొరికింది. ఏటివైపు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకీ తెలియదు. తిన్నగా సోమలింగం దగ్గరికెళ్లింది.

"ఇది పగిలింది బాబూ."

"ఎవరు పగలగొట్టారు?"

"తెలీదు బాబూ."

"మరి నాకెందుకు తెచ్చావు?"

"ఎందుకు పగిలిందో తెలీక తెచ్చాను."

ఆ పూట ఆమెకి పని లేదు. రెండోనాడూ ఒకటి తెచ్చింది. ఆ పూటా పని లేదు. "దీనికి మతి పోయిందా?" అని తోటివాళ్లు గుసగుసలాడారు. ఆ రెండు రోజులూ ఆమె ఇంట్లో గంజే.

మూడోనాడూ తెచ్చింది. సోమలింగం అరవబోయాడు. ఆమె మొహం చూశాడు, పెంకు చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు.

"నాకూ తెలీడం లేదు పైడమ్మా" అన్నాడు.

యజమాని నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. ఒకడు ఏట్లో దిగి పగిలిన పెంకులు తీసుకొచ్చాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక అందరూ.

ఒడ్డున పరిచి చూస్తే అన్నీ ఒకే మూల చిట్లి ఉన్నాయి!

పచ్చి పెంకులు ఆరబెట్టే పనిచేసే ఎర్రప్పడు నెమ్మదిగా అన్నాడు: "ఆరబెట్టినప్పుడు ఆ మూలకే ఏటిగాలి తగుల్తాది బాబూ. ముందే ఎండిపోతాది. నాకు తెలుసు గానీ, ఎవరూ అడగలేదు."

గాలికి అడ్డంగా తాటాకు తడికలు కట్టారు. పగుళ్లు చాలా తగ్గాయి. బట్టీ ఆరలేదు.

"ఇంకా కొన్ని పగుల్తున్నాయేం?" అన్నాడు సోమలింగం.

"తెలీదు బాబూ. మళ్లీ చూద్దాం" అంది పైడమ్మ. బతికినన్నాళ్లూ ఆమె అదే మాట అంది. బతికినన్నాళ్లూ ఏదో ఒకటి బాగుపడుతూనే వచ్చింది.

ఆమె పోయాక గుడి కట్టలేదు, బొమ్మ పెట్టలేదు. కానీ ఆ ఏటి పొడుగునా ఉన్న బట్టీల్లో నేటికీ పొద్దున్నే పని మొదలెట్టేముందు ఒక పగిలిన పెంకుని మధ్యన పెట్టి, యజమానీ కూలీలూ నేలమీదే చుట్టూ కూర్చుని అదెందుకు పగిలిందో ఆలోచిస్తారు. దాన్ని పైడమ్మని కూర్చోబెట్టడం అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఇదేమిటో అర్థంకాక తికమకపడుతూ నిలబడతారు. అప్పుడు పాతవాళ్లు పక్కకి జరిగి చోటిచ్చి, ముందుగా వాళ్లనే అడుగుతారు: "నీకేమనిపిస్తోంది?"