ఇనప ఒర

కుంపిణీ వాళ్లు ఏలుతున్న రోజుల్లో బళ్లారి గుర్రపు దండులో దస్తగిరి అని ఓ సిపాయి ఉండేవాడు. అతని కత్తి తాతల నాటిది, దానికి తోలు చుట్టిన చెక్క ఒర. ఆ కత్తి పదునే రెండుసార్లు అతని ప్రాణం నిలబెట్టింది.

ఆ దండుకు హార్లీ అనే కొత్త కెప్టెన్ వచ్చాడు. సిపాయిల ఒరలు చూసి మొహం చిట్లించాడు.

"ఈ కట్టెలు దండుకే నామర్దా. ఇకమీద అందరూ నాలాగా తళతళలాడే ఇనప ఒరలు పెట్టుకోవాలి. పాతవి తగలబెట్టండి" అన్నాడు.

కాదంటే కొలువు పోతుంది. సిపాయిలు ఒరలన్నీ మోకుతో కట్ట కట్టి మైదానంలో పడేశారు.

దస్తగిరి ముందుకొచ్చి వినయంగా, "దొరగారూ, కట్ట విడదీస్తేనే గాని బాగా కాలదు. ఆ మోకేదో తమ చేత్తోనే తెంపండి" అన్నాడు.

దొర మురిసిపోయి, ఖణేల్మని కత్తి దూసి ఒక్క వేటు వేశాడు. మోకు తెగలేదు. మరో రెండు వేశాడు. పీచు లేచిందంతే.

"ఏదీ, నువ్వు కొట్టు" అన్నాడు ఉక్రోషంగా.

దస్తగిరి కత్తి తగిలిందో లేదో, మోకు రెండు ముక్కలైంది.

"నాది ఇంగ్లీషు సీమలో చేసిన కత్తి. ఎందుకు తెగలేదు?" అన్నాడు దొర.

"కత్తి మంచిదే దొరగారూ. కానీ తమరు గుర్రం మీద ఉన్నంతసేపూ అది ఇనప ఒరతోనే యుద్ధం చేస్తోంది. శత్రువు ఎదురయ్యేసరికి పదునంతా అయిపోతోంది. మా కత్తులు చెక్కలో హాయిగా పడుకుని వస్తాయి."

హార్లీ తన కత్తి అంచు మీద బొటనవేలు నడిపించాడు. గీత కూడా పడలేదు. తర్వాత ఆ చెక్క ఒరల ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటీ తీసి తన కత్తికి సరిపోతుందేమోనని చూసుకోసాగాడు.